బిల్లసర్గమునకు ఒకనాటి విహారయాత్ర

విహారయాత్ర అనగానే విద్యార్థుల మనస్సు సముద్రము మీదికి పోవును. మా డోన్ పట్టణమునకు సముద్రము బహుదూరము. అయినను ఉదయము బయలుదేరి సాయంకాలమునకు ఇల్లు చేరునట్లుగా చూచి రాదగిన ఒక ప్రాచీన సముద్రపు అడుగు మన నంద్యాల జిల్లాలోనే కలదు. దానిని గూర్చి నాలుగు మాటలు మనవి చేయుదుము.

కళాశాలలో చదువుకొను దినములలో ఒక ఆదివారమున మేము ఆరుగురు మిత్రులము జొన్నరొట్టెలు, చెనిక్కాయల ఊరిమిండి మూటగట్టుకొని, డోన్ జంక్షనులో నంద్యాల వైపు పోవు ప్యాసింజరు బండి ఎక్కి బేతంచెర్లలో దిగితిమి. బేతంచెర్ల అనగా నాపరాళ్ళ ఊరు. ఎటు చూచినను బండల వరుసలు, కోతమిషన్ల రొద, తెల్లని రాతిపొడి. మన ఇండ్లలో కాలిక్రింద పరచుకొన్న బండలలో ఎన్నియో ఇచటి నుండి వచ్చినవే. ఇది సున్నపురాయి. యాబది కోట్ల ఏండ్లకు పూర్వమే ఈ సీమను కప్పియుండిన లోతులేని సముద్రములో సున్నపు బురద పొరలు పొరలుగా అడుగంటి, గట్టిపడి రాయియైనది. అందువలననే గునపము మోపి ఎత్తగనే బండ పలకవలె లేచును.

ఊరు దాటి కొన్ని మైళ్ళు నడచి బిల్లసర్గము గుహలను చేరితిమి. వీనిని బిల్వస్వర్గమనియు పిలుతురు. వాననీరు గాలిలోని, మట్టిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకొని సున్నపురాతిని మెల్లగా కరగించును. అట్లు యుగముల తరబడి తొలిచిన గుహల కప్పులు కొన్నిచోట్ల కూలి, ఇరుకైన లోతుదారులు ఏర్పడినవి. బయట ఎండ మండుచున్నను లోపల రాతిగోడలు చల్లగా నుండెను.

ఈ గుహలలోని ఎముకలను గూర్చి 1844లో కెప్టెన్ న్యూబోల్డు వ్రాసెను. మదరాసు దగ్గరి పల్లావరములో 1863లో రాతి పనిముట్టును కనుగొన్న రాబర్టు బ్రూస్ ఫుట్, ఆయన కుమారుడు హెన్రీ 1884లో ఇచట త్రవ్వకములు ఆరంభించిరి. దొరకిన ఎముకలలో ఖడ్గమృగమువి కూడ కలవు. 1886లో లిడెక్కరు అను శాస్త్రజ్ఞుడు ఆ జంతుజాతికి కర్నూలు పేరుమీదుగానే నామకరణము చేసెను. నేడు ఖడ్గమృగమును అడవిలో చూడవలెనన్న అస్సాము వంటి దూరదేశమునకు పోవలెను. అది ఒకప్పుడు మన కొండలలో మేసినదన్న మాట! తరువాత 1970 ప్రాంతమున ఎం. ఎల్. కె. మూర్తి ఈ సీమలోని ముచ్చట్ల చింతమాను గవిలో త్రవ్వకములు జరిపెను. అచట బయల్పడిన ఒక పొయ్యి సుమారు 17 వేల ఏండ్ల నాటిదని పరీక్షలలో తేలినది.

గుహలో మా మిత్రుడొకడు మట్టిలోనుండి పైకి తేలిన ఎముక ముక్కను చూచి జ్ఞాపకార్థము కొనిపోవుదునని చేయి చాచెను. భూగర్భశాస్త్రము చదువుచున్న మరియొకడు వారించెను. "అది ఏ పొరలో, వేని ప్రక్కన ఉన్నదో అదియే దాని చరిత్ర. పెకలించితివా, అది ఉత్త ఎముక" అనెను. కొంత వాదము జరిగినది. తుదకు ఎముక ఉన్నచోటనే ఉండెను.

ఆ మాట విలువ ఇటలీ సముద్రతీరమును చూచిన తెలియును. ఫ్రాన్సు సరిహద్దు చెంత బాల్జి రోస్సి అను సున్నపురాతి గుహలు కలవు. అచటి ఆదిమానవుల అవశేషములను చూపుటకు 1898లోనే గుహల ప్రక్కన ప్రదర్శనశాల వెలసెను. సముద్రవిహారమునకు వచ్చిన విద్యార్థి త్రవ్విన చోటును, దొరకిన వస్తువును ఒక్కచోటనే చూడగలడు.

మన సీమలో బండలపని అనేక కుటుంబములకు అన్నము పెట్టుచున్నది. దానిని ఆపుమనుట న్యాయము కాదు. కాని గుప్తనిధుల ఆశతో పాతచోట్లను త్రవ్వు దురభ్యాసమును మాన్పవలెను. పగిలిన బండకు మారుగా మరొక బండ దొరకును. కలతపడిన మట్టిపొరను తిరిగి పేర్చగలవారు లేరు.

కావున తల్లిదండ్రులారా, మీ పిల్లలు విహారయాత్రకు పోవుదుమన్నచో, తెలిసిన పెద్దను తోడిచ్చి, టార్చిలైటును నీళ్ళను చేతికిచ్చి, వానలు లేని దినమున బిల్లసర్గమునకు పంపుడు. కన్నులారా చూచి రమ్మనుడు. అచటినుండి ఏమియు తేవలదని మాత్రము ముందే చెప్పుడు.