గండికోట: పెన్న యొడ్డున చేతిపనుల కథ

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చదివిన ప్రసంగము)



నేను పండితుడను గాను. కరణాల యింట బుట్టినవాడను. 1984లో కరణీకము రద్దయినను లెక్కలు మా యింటిని విడువలేదు. నేనును గ్రామ రెవిన్యూ లెక్కలు చూచుచునే జీవించుచున్నాను. నాకు వచ్చిన నాలుగు పద్యములును ఈ గ్రంథాలయపు బల్లమీద, నిఘంటువును ప్రక్కన బెట్టుకొని, గురువు లేక నేర్చినవి. కావున నేడు మాటాడ నిలిచినది పాండిత్యము చేత గాదు, ఋణము చేత.

కొన్ని నెలల క్రిందట ఈ బల్లయొద్దనే హాలండు దేశమందలి కాంపెన్ అను పట్టణమును గూర్చి చదివితిని. అది ఐసెల్ నది యొడ్డున నున్నది. మధ్యయుగములలో హాన్సా వర్తక కూటమిలో జేరి, ఓడ వర్తకముచే బలిసినది. నదిలో పూడిక పెరుగగా వర్తకము సన్నగిల్లినది. 19వ శతాబ్దమున పొగాకు చుట్టల పరిశ్రమతో మరల తల యెత్తినది. చదువుచుండగా నా మనస్సు మన పెన్నమీదికి బోయినది. మన యూరికి నిట్టి కథ లేదా యని నన్ను నేను ప్రశ్నించుకొంటిని. కలదు, కాని చెప్పినవారు తక్కువ.

ఒక భేదము ముందే చెప్పవలెను. వారి నది సరకు మోసినది. మన పెన్న సరకు మోయదు. నంది కొండలలో బుట్టి, వానలకు పొంగి, వేసవికి ఇసుక చూపు నది యిది. అయినను ఎఱ్ఱమల కొండలను చీల్చుకొని సుమారు 300 అడుగుల లోతున గండి గొట్టినది. ఆ గండియే కోటకు పేరును, అగడ్తయు నయినది. భూగర్భ శాస్త్రజ్ఞులు ఈ రాతికి ‘గండికోట క్వార్ట్‌జైటు’ అని మన యూరి పేరే పెట్టినారు. నది కోటను కాచినది; సరకులు ఎద్దుల వీపులమీదను, బండ్లమీదను కొండ యెక్కినవి.

కాకరాజు 1123లో ఇచ్చట కోట కట్టించెనని కైఫీయతు చెప్పుచున్నది. పిమ్మట విజయనగర ప్రభువుల కాలమున పెమ్మసాని నాయకు లేలిరి. మాధవరాయ స్వామి గుడి గోపురమును జూచినవారికి రాతిపనివారి నేర్పును వేఱుగ జెప్పనక్కఱలేదు. కమానులతో గట్టిన ధాన్యాగారమును, రాజుల చెఱువును, కత్తుల కోనేరును జూడుడు. ఒక కోట నిలువవలెనన్న రాతిపనివాడు, కమ్మరి, వడ్రంగి, నేతగాడు, కుమ్మరి, ఒడ్డెవాడు అందఱును గావలెను. రాజుల పేర్లు శాసనములలో నున్నవి. పనివారి పేర్లు వారు చేసిన పనిలోనే దాగి యున్నవి.

1650 ప్రాంతమున గోలకొండ మంత్రి మీర్ జుమ్లా ఈ కోటను బట్టెను. 1652లో ఫ్రెంచి రత్నవర్తకుడు తావెర్నియే ముత్యములు గొని ఆయనను జూడ నిచ్చటికి వచ్చి, తన యాత్రాగ్రంథమున ఒక వింత వ్రాసినాడు. మీర్ జుమ్లా దేవాలయములలోని లోహవిగ్రహములను దెప్పించి, తోపులు పోయుమని క్లాడ్ మాయ్ అను ఫ్రెంచివాని కప్పగించెనట. మూసలు గట్టిరి, కొలుములు మండించిరి. తుదకు పనికివచ్చు తోపు ఒక్కటియు రాలేదని తావెర్నియే సాక్ష్యము.

అయ్యలారా, ఈ కథ చదివిననాడు నాకు నిద్రపట్టలేదు. ఆ విగ్రహములను మైనముతో దిద్ది, మట్టి పూసి, లోహము పోసినవారి తరతరాల నేర్పు ఒక్క యాజ్ఞతో కరగిపోయినది. దాని స్థానమున ఏమియు బుట్టలేదు. పరిశ్రమ యనగా కొలుము గాదు, చేతిలోని విద్య. కొలుమును ఒక దినమున గట్టవచ్చును. విద్యకు తరములు పట్టును.

1800లో నిజాము మన సీమను ఇంగ్లీషువారికి దత్తము చేసిన పిదప కోటకు పని తగ్గినది. బ్రతుకు క్రింది యూళ్ళకు దిగినది. జమ్మలమడుగున మగ్గములు, ప్రొద్దుటూరున పత్తి, బంగారము, పరిసరములలో నాపరాతి గనులు పేరొందినవి. కడప సీమ నీలిమందు ‘కర్పా’ అను పేర లండను బజారున అమ్ముడుపోయెడిది. ఆకును తొట్టిలో నానబెట్టి, ఆ నీటిని చిలికి, అడుగున దిగిన మడ్డిని కాచి, వడకట్టి, అదిమి, బిళ్ళలుగా కోసెడివారు. 1897లో జర్మనీ కంపెనీ కృత్రిమపు నీలిని బజారున బెట్టినది. కొద్ది సంవత్సరములలోనే మన తొట్లు ఎండినవి.

ఇక నా నేరము చెప్పవలెను. ఇరువది యేండ్ల క్రిందట, శిథిలమైన పాత అడంగలు నొకదానిని తిరుగవ్రాయు పని నాకు బడినది. ఒక సర్వే నెంబరు ప్రక్కన సన్నని యక్షరములతో ‘తొట్ల చేను’ అని యుండెను. పన్నుకు పనికిరాని మాట గదా యని విడిచితిని. కొంతకాలమునకు ఒక ముదుసలి నాతో, “ఆడ నీలిమందు తొట్లుండేవంట నాయనా, మా యత్త చెప్పేది” అన్నది. పరుగున బోయి పాత పుస్తకము వెదకితిని. అది అప్పటికే చెదల పాలయినది. మీర్ జుమ్లాకు తోపులైన గావలసి యుండెను. నేను చక్కని దస్తూరి కొఱకు ఒక పరిశ్రమ పేరును కరగించితిని.

రెండువందల యేండ్ల క్రిందట మెకంజీ దొర మనుష్యులు అడుగగా, నావంటి కరణములే తమ కవిలెలు విప్పి చెప్పిరి. అందుచేతనే కైఫీయతులు మనకు దక్కినవి. బ్రౌను దొర వానికి ప్రతులు వ్రాయించెను. అడిగినవాడు, వ్రాసినవాడు, దాచినవాడు, ఈ మువ్వురిలో ఒక్కడు లేకున్నను చరిత్ర లేదు.

ఆలస్యమునకు తావు లేదు. మన యెగువను 26.85 టి.యం.సి.ల జలాశయము వెలసినది. కరవు సీమకు నీరు వచ్చుట పండుగయే, నేను కాదనను. కాని 2020లో తాళ్ళప్రొద్దుటూరు వారు ఇండ్లు విడిచి పోవలసి వచ్చినది. ఇంటికి నష్టపరిహారము గట్టుటకు లెక్క కలదు. చేని పేరుకు, బావి పేరుకు, వీథి పేరుకు ఏ లెక్కయు లేదు.

కావున ఈ రజతోత్సవమున నాదొక్కటే విన్నపము. ఈ బల్లమీద నేడు ఒక దళసరి పుస్తకము ఉంచుచున్నాను. మీ చేని పేరు, మీ తాతగారి పని, ఆ పనికి వాడిన పనిముట్ల పేర్లు, తెలిసినవి తెలిసినట్లు వ్రాయుడు. వ్రాయరానివారు చెప్పుడు, నేను వ్రాసెదను. కాగితమునకు గాని సిరాకు గాని ఎవరిని నేనడుగను.

మొదటి పంక్తి నేనే వ్రాసితిని: ‘తొట్ల చేను. ఇచ్చట నీలిమందు తొట్లుండెడివని ఒక యవ్వ చెప్పినది.’ రెండవ పంక్తి మీది.

సెలవు.