పాత కాపుటిల్లు
(రజతోత్సవ సభలో గావించిన ప్రసంగపాఠము)



బేగంపేట యనగానే కొందఱికి విమానాశ్రయము స్ఫురించును; 2008లో ప్రయాణికుల విమానములు శంషాబాదునకు తరలినను ఆ పేరు నిలిచినది. కొందఱికి 1897 ఆగస్టు 20వ తేదీన దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొన్న రొనాల్డు రాస్ తలపునకు వచ్చును. వికారుల్ ఉమ్రా కట్టించిన పైగా దేవిడీయు నిచ్చటనే యున్నది. ఇవి చరిత్రకెక్కినవి. నగరము చుట్టునున్న పల్లెలలో పంట పండించిన కాపుల యిండ్లను గూర్చి మాత్రము వ్రాసినవారు తక్కువ.

తెలంగాణపు పాత కాపుటిల్లు ఎండవానల నెఱిగిన కట్టడము. రాతి పునాదిపై మందమైన మట్టిగోడలు. అవి పగటి వేడిమిని నిదానముగా పీల్చి రాత్రివేళ విడుచును. కావున నడివేసవి మధ్యాహ్నమునను లోపలి గది చల్లగా నుండును. గోడలపై దూలములు, దంతెలు, ఆపైన గూనపెంకులు. పెంకుల సందులనుండి వేడిగాలి పైకి పోవును. నడుమ ఆకాశమునకు తెఱచిన వాకిలి యింటికంతకును గాలి వెలుతురుల నిచ్చును. అందు పడిన వాననీరు తూముగుండ వీథికి పోవును. కఱ్ఱ మొగరముల క్రింద రాతిదిమ్మ లుంచుట చెదలును తేమయు తగులకుండుటకే. కలిగినవారు ఎద్దులు త్రిప్పు గానుగలో నలిగిన డంగుసున్నము వాడిరి.

ఇల్లు మనుష్యులకు మాత్రమే కాదు. వెదురుతో నల్లి పేడ మెత్తిన గుమ్ములలో వడ్లు, నేల త్రవ్విన పాతరలలో జొన్నలు, చేరువనే పశువుల కొట్టము. పంటకు ముందు కొలత వేసి కట్టిన యిల్లది.

అయిన నొక్కమాట మఱువరాదు. పెంకులు కాల్చిన కుమ్మరి పేరు గాని, దూలము చెక్కిన వడ్రంగి పేరు గాని ఏ గోడమీదను లేదు. ఆ గోడలకు మట్టి త్రొక్కిన వారిలో కొందఱు, ఇల్లు పూర్తియైన పిమ్మట, ఆ గడప దాటుటకే నోచుకొనలేదు. ఇంటిని పొగడునపుడు ఈ సంగతియు చెప్పవలెను.

నేడు పాత యిండ్లు కూలుచున్నవి. దూలములు కలపగా అమ్ముడుపోవుచున్నవి. అన్నిటిని నిలుపుట మనకు శక్యము కాదు. కాని కూల్చుటకు ముందు గదులు కొలిచి, పటము గీసి, పెద్దలు చెప్పినది వ్రాసి, పనివారి పేర్లతో గూడ ఈ గ్రంథాలయమున భద్రపఱుపవచ్చును. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము రావిచెట్టు రంగారావుగారి యింటనే పుట్టినది. ఆనాడు ఇల్లు గ్రంథాలయమునకు చోటిచ్చినది. ఈనాడు గ్రంథాలయము ఇంటికి చోటియ్యవలెనని మనవి చేయుచు సెలవు తీసికొనుచున్నాను.