ఆ నీలిరంగు ఎందుకు ఆలస్యమైంది?

ఇవాళ పట్టా అందుకున్న మీలో కెమిస్ట్రీ చదివినవాళ్ళున్నారు, మైక్రోబయాలజీ, ఫార్మసీ, చరిత్ర చదివినవాళ్ళున్నారు. మూడేళ్ళు, నాలుగేళ్ళు వేర్వేరు బ్లాకుల్లో కూర్చున్నారు. రేపటి నుంచి ఆ బ్లాకులు ఉండవు. అందుకే ఈ చదువులన్నీ ఒకే జీవితంలో కలిసిన ఒక మనిషి గురించి చెబుతాను. ఆయన మనవాడు, యల్లాప్రగడ సుబ్బారావు గారు. 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. మన పాఠ్యపుస్తకాల్లో ఆయనకు దక్కిన చోటు ఆయన చేసిన పనికి ఏ మాత్రం సరిపోదని నా అభిప్రాయం.

మద్రాసు మెడికల్ కాలేజీలో చదివేటప్పుడు గాంధీగారి పిలుపు విని ఖద్దరు తొడుక్కున్నారు. అది సర్జరీ ప్రొఫెసరుకు నచ్చలేదు. ఎంబీబీఎస్ రావలసిన చోట ఎల్‌ఎంఎస్ చేతికొచ్చింది. అన్నదమ్ముల్లో ఇద్దరిని స్ప్రూ అనే జబ్బు కొద్ది రోజుల తేడాలో తీసుకుపోయింది. తిన్నది ఒంటికి పట్టక, రక్తం తగ్గిపోయి మనిషి చిక్కిపోయే జబ్బది. తనకూ వస్తే, ఆయుర్వేద వైద్యులు ఆచంట లక్ష్మీపతి గారు బతికించారు. మామగారి సాయంతో, కాకినాడ మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మనిధి ఆసరాతో బోస్టన్ చేరారు. అక్కడ ఆసుపత్రిలో రాత్రిపూట రోగులకు బెడ్‌పాన్‌లు అందించే పని చేస్తూ చదువుకున్నారు.

ఇక్కడి దాకా చాలామంది చెబుతారు. నేను చెప్పదలచుకున్నది ఆ తర్వాత హార్వర్డ్‌లో, ఒక పరీక్షనాళికలో జరిగింది.

సైరస్ ఫిస్క్ అనే ఆచార్యుడి దగ్గర ఆయనకు అప్పగించిన పని రక్తంలో, కణజాలంలో ఫాస్ఫరస్ ఎంతుందో కొలిచే పద్ధతి తయారుచేయడం. కెమిస్ట్రీ వాళ్ళు మీ ల్యాబులో చేసే ఉంటారు. ద్రావణంలో ఆమ్లం, అమ్మోనియం మాలిబ్డేట్ కలిపి, దాన్ని క్షయకరణం చేసే పదార్థం కొద్దిగా వేస్తే కొన్ని నిమిషాల్లో నీలిరంగు తేలుతుంది. ఫాస్ఫేట్ ఎంత ఎక్కువుంటే నీలం అంత చిక్కన. 1925లో అచ్చయిన ఆ ఫిస్క్–సుబ్బారావు పద్ధతిని బయోకెమిస్ట్రీ విద్యార్థులు ఇప్పటికీ నేర్చుకుంటున్నారు.

ఈ పద్ధతితో కండరం నుంచి తీసిన ద్రవాన్ని కొలిచేటప్పుడు ఒక చిక్కు వచ్చింది. రంగు వెంటనే రావలసింది రాలేదు. మెల్లగా, ఆలస్యంగా చిక్కబడుతూ పోయింది. మీ రికార్డులో ఇలా వస్తే ఏం రాస్తారు? ప్రయోగదోషం అని రాసి ఇంకో నాళిక తీసుకుంటారు. వాళ్ళిద్దరూ అలా వదిలెయ్యలేదు. ఎందుకు ఆలస్యమైంది అని పట్టుకున్నారు. కండరంలో ఏదో సమ్మేళనం ఫాస్ఫేట్‌ని పట్టి ఉంచుకుంది, ఆమ్లంలో అది కొద్దికొద్దిగా విడిపోతోంది, విడిపోయినంత మేరకే రంగు వస్తోంది. అలా 1927లో ఫాస్ఫోక్రియటిన్ బయటపడింది. రెండేళ్ళకు, కణాలకు శక్తినందించే ఏటీపీ. అదే ఏడు జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా ఏటీపీని కనుక్కున్నాడు. కండరానికి శక్తి లాక్టిక్ ఆమ్లం నుంచే వస్తుందని అప్పటి నమ్మకం. ఆ పరిశోధనలకు 1922 నోబెల్ బహుమతి కూడా వచ్చింది. ఆలస్యంగా వచ్చిన ఒక రంగు ఆ నమ్మకాన్ని కదిపింది.

చరిత్ర విద్యార్థులు ఇది తమ సంగతి కాదనుకుంటున్నారేమో. కానీ ఫాస్ఫేట్ మీ దగ్గరికీ వస్తుంది. స్వీడన్‌లో ఓలోఫ్ అరీనియస్ అనే శాస్త్రవేత్త చక్కెరదుంప పండే పొలాల్లో మట్టి పరీక్షలు చేస్తూ, పాత ఊళ్ళు ఉన్న చోట ఫాస్ఫేట్ ఎక్కువగా ఉండడం గమనించాడు. మనిషీ పశువూ ఉన్న చోట పేడ, మూత్రం, ఎముకలు, బూడిద మట్టిలో కలుస్తాయి. వాటిలోని ఫాస్ఫేట్ మట్టిలోని ఇనుముతో, కాల్షియంతో కలిసి అక్కడే ఉండిపోతుంది. వేల ఏళ్ళ వానలు కూడా దాన్ని పూర్తిగా కడిగెయ్యలేవు. గోడ కూలిపోయినా, కుండపెంకు దొరక్కపోయినా, చిటికెడు మట్టిని మాలిబ్డేట్‌తో పరీక్షిస్తే తేలే నీలిరంగు ఇక్కడ మనుషులు బతికారని చెబుతుంది.

నేలను పరీక్షించి చరిత్ర తెలుసుకున్నందుకు మన దగ్గరి ఉదాహరణ ఒకప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలోని ఉట్నూరు బూడిద దిబ్బ. అటు రాయచూరు, బళ్ళారి, ఇటు అనంతపురం వరకు ఇలాంటివి చాలా ఉన్నాయి. హంపీ దగ్గరున్న ఒకదాన్ని వాలి చితాభస్మం అని జనం చెప్పుకున్నారు. కొందరు దొరలు అగ్నిపర్వతం అన్నారు, కొందరు ఇనుము కరిగించిన చోటు అన్నారు. బళ్ళారి వైపు దిబ్బల నమూనాలను ఫ్రెడరిక్ జాయ్‌నర్ అనే శాస్త్రవేత్త ప్రయోగశాలలో పరీక్షించి, అది కాలిన పేడేనని తేల్చాడు. 1957లో పురావస్తు శాస్త్రవేత్త రేమండ్ ఆల్చిన్ ఉట్నూరులో తవ్వితే, ఆ పొరల్లో పశువుల దొడ్డి చుట్టూ పాతిన గుంజల గుంతలు దొరికాయి, పశువుల గిట్టల ముద్రలు దొరికాయి. నాలుగు వేల ఏళ్ళకు పైబడిన ముద్రలవి. ఈ దక్కను నేల మీద పశువులను మేపుకొని బతికిన మొదటి తరాల సంగతి మనకు తెలిసింది రాజుల శాసనాల వల్ల కాదు, పేడ బూడిదను పరీక్షకు పెట్టిన కెమిస్ట్రీ వల్ల.

సుబ్బారావు గారికి హార్వర్డ్‌లో శాశ్వత ఉద్యోగం దొరకలేదు. 1940లో లెడర్లీ అనే మందుల కంపెనీ ప్రయోగశాలలకు వెళ్ళారు. అక్కడ ఆయన జట్టు కాలేయంలో ఉన్న, రక్తం పట్టించే పదార్థం కోసం వెతికింది. అది లేశమాత్రంగా ఉంటుంది, తూచడానికి అందదు. దాన్ని కొలిచింది మైక్రోబయాలజీ. లాక్టోబాసిల్లస్ కేసీ అనే బ్యాక్టీరియాకు ఆ పదార్థం లేకపోతే పెరుగుదల లేదు. అందుకని కాలేయ సారాన్ని దాని ముందు పెట్టారు. నాళికలో మబ్బు ఎంత కమ్మితే ఆ పదార్థం అంత ఉన్నట్టు. 1930 ప్రాంతంలో డాక్టర్ లూసీ విల్స్ బొంబాయిలోని గర్భిణుల్లో రక్తహీనతను ఈస్ట్ సారంతో తగ్గించినప్పుడు అందులో పనిచేసిందీ ఇదే. జట్టులోని స్టాక్‌స్టాడ్ మొదలైనవాళ్ళ శ్రమతో 1945 నాటికి దాన్ని కృత్రిమంగా తయారుచేశారు. ఫోలిక్ ఆమ్లం. సుబ్బారావు గారి అన్నదమ్ములను తీసుకుపోయిన స్ప్రూకి అది మందయింది.

ఇక క్యాన్సర్. బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ ల్యుకేమియా అనే రక్త క్యాన్సర్ వచ్చిన పిల్లలకు ఫోలిక్ ఆమ్లం సంబంధిత మందులు ఇచ్చి చూశాడు. జబ్బు తగ్గకపోగా పెరిగినట్టు కనిపించింది. పెంచేది అదైతే, దాన్ని అడ్డుకునేది మందవ్వాలి కదా అని ఆలోచించాడు. ఫోలిక్ ఆమ్లాన్ని పోలి ఉండి, కణాన్ని మోసం చేసి దాని విభజనను ఆపేసే అణువులను సుబ్బారావు గారి నాయకత్వంలోని లెడర్లీ కెమిస్టులు తయారుచేసి ఇచ్చారు. 1948 జూన్‌లో ఫార్బర్ ఫలితాలు అచ్చయ్యాయి. అమినోప్టెరిన్ ఇచ్చిన 16 మంది పిల్లల్లో 10 మందికి జబ్బు తగ్గుముఖం పట్టింది. కొన్ని నెలలకు తిరగబెట్టింది కూడా. ఫార్బర్ అదీ దాచలేదు. కానీ అంతకుముందు ఆ జబ్బు వస్తే చెయ్యడానికి ఏమీ లేదు. అమినోప్టెరిన్ తోబుట్టువే మెథోట్రెక్సేట్. ఇవాళ మంచి చికిత్స అందిన చోట ఈ జబ్బు వచ్చిన పిల్లల్లో అత్యధికులు బతికి బట్టకడుతున్నారు, వాళ్ళ మందుల్లో మెథోట్రెక్సేట్ ఇప్పటికీ ఉంది. మన రెడ్‌హిల్స్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి మీదుగా వెళ్ళినప్పుడు ఈ మాట గుర్తుచేసుకోండి.

సుబ్బారావు గారికి నోబెల్ రాలేదని మనం చాలా బాధపడుతుంటాం. బాధ న్యాయమే. నాకు మాత్రం అంతకంటే పెద్ద సంగతి అనిపించేది, ఆయన తన ప్రశ్నలకు హద్దు గీసుకోకపోవడం. డెబ్భై దాటి రిటైరైన వృక్షశాస్త్రవేత్త బెంజమిన్ డగ్గర్‌ను పనిలో పెట్టుకొని ఊరూరి మట్టి తెప్పించారు. మిస్సోరీ నుంచి వచ్చిన మట్టిలో బంగారు రంగు సూక్ష్మజీవి కనిపించింది. దాని నుంచి ఆరియోమైసిన్ వచ్చింది. టెట్రాసైక్లిన్ మందుల్లో అదే మొదటిది. 1948 ఆగస్టులో, 53 ఏళ్ళకే సుబ్బారావు గారు కన్నుమూశారు.

యాంటీబయాటిక్‌లతో సహా ఎన్నో మందులను ఇవాళ మన హైదరాబాద్ టన్నులకొద్దీ తయారుచేస్తోంది. 1960ల్లో బాలానగర్‌కు ప్రభుత్వ మందుల సంస్థ ఐడీపీఎల్ వచ్చినప్పటి నుంచి ఇక్కడ పెరిగిన పరిశ్రమ అది. శంషాబాద్ కార్గోలో మందుల కోసమే చల్లని ఫార్మా జోన్ ఉంది, అక్కడి నుంచి దేశదేశాలకు వెళ్తున్నాయి. ఇది గర్వించదగ్గ విషయమే. దాని పక్కనే ఇంకో లెక్క ఉంది. 2007లో స్వీడన్ పరిశోధకులు పటాన్‌చెరు దగ్గరి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్ససిన్ అనే యాంటీబయాటిక్ ఉందని ప్రచురించారు. మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండేదానికంటే అది ఎక్కువ. అలాంటి నీళ్ళలో బతికి బయటపడే బ్యాక్టీరియా మీద ఆ మందు ఇక పనిచెయ్యదు. మీలో చాలామందికి రేపు ఈ పరిశ్రమలోనే ఉద్యోగం. వ్యర్థ జలం నమూనా మీ చేతికొచ్చిన రోజున నిజమైన అంకె రాయండి. ఎవరు వద్దన్నా రాయండి.

చివరగా మీ కాళ్ళ కింది నేల గురించి. హైదరాబాద్ పక్కనున్న మన మహేశ్వరం పేరు ప్రపంచ భూగర్భజల శాస్త్రంలో చాలాసార్లు అచ్చయిందని మీలో ఎందరికి తెలుసు? భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐ, ఫ్రాన్స్ భూగర్భ సర్వే సంస్థ బీఆర్‌జీఎం శాస్త్రవేత్తలు సుమారు 53 చదరపు కిలోమీటర్ల ఈ వాలుప్రాంతాన్ని ఏళ్ళ తరబడి పరిశీలించారు. వాళ్ళు తేల్చింది ఇది: ఇక్కడ నీళ్ళుండేది ముఖ్యంగా పైనున్న పగుళ్ళ పొరలో. దాని కింద గట్టి గ్రానైటు, ఎంత లోతుకు వేసినా దక్కేది తక్కువ. పక్క పొలంవాడికంటే లోతుగా బోరు వేసి అప్పులపాలైన ప్రతి ఇంటికీ ఈ మాట అందాల్సింది. రాతిలోని ఫ్లోరైడ్ కరిగి నీటిలోకి వస్తుంది. తోడిన నీళ్ళు మళ్ళీ మళ్ళీ మడికి పెట్టి ఇంకిస్తుంటే అది ఇంకా చిక్కబడుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగడానికి పనికిరాదు. దాటితే ఏమవుతుందో నల్లగొండ పల్లెల్లోని వంగిన కాళ్ళను చూసినవాళ్ళకు నేను చెప్పనక్కర్లేదు.

మీరంతా ఏదో ఒక ఊరివాళ్ళు. కెమిస్ట్రీ వాళ్ళు, మైక్రోబయాలజీ వాళ్ళు కలిసి వెళ్ళండి. మీ ఊళ్ళో తాగే ప్రతి బోరు నీటినీ ఎండాకాలంలో ఒకసారి, వానలు వెనకపట్టాక ఒకసారి పరీక్షించండి. ఫ్లోరైడ్ ఎంత, నైట్రేట్ ఎంత, ఈ.కోలై ఉందా లేదా చూడండి. తేదీ, బోరు లోతు, అంకె తెలుగులో రాసి పంచాయతీ ఆఫీసు గోడ మీద అందరికీ కనిపించేలా పెట్టండి. ఏదైనా అంకె అనుకున్నట్టు రాకపోతే కొట్టెయ్యకండి, ఎందుకు రాలేదో అడగండి. ఈ వేసవికే మొదలుపెట్టండి.