హద్దురాయి చెప్పే పాఠం
(రైతు సంఘం సమావేశంలో చేసిన ప్రసంగం)



మనలో ఎవరైనా పక్కవాడి చేను గట్టు జానెడు చెక్కితే ఏమవుతుంది? తెల్లారేసరికి పెద్దమనుషులు కూర్చుంటారు. సర్వేయర్ వచ్చి గొలుసు లాగుతాడు. మరి రెండు రాష్ట్రాల మధ్య హద్దే చెరిపేశారంటే? గాలి జనార్దనరెడ్డి మీద సీబీఐ మోపిన అభియోగాల్లో అదొకటి.

ఆయన పుట్టింది 1967లో. చిత్తూరు జిల్లా నుంచి బళ్లారి వెళ్లిన పోలీసు కానిస్టేబుల్ కొడుకు. పొదుపు సంస్థ నడిపాడు. 1999లో సుష్మా స్వరాజ్ బళ్లారిలో లోక్‌సభకు పోటీ చేసినప్పుడు ఆమె వెంట నిలిచాడు. తర్వాత మన అనంతపురం జిల్లా డి.హీరేహాళ్ మండలం ఓబుళాపురంలో ఇనుప గనులు చేజిక్కాయి. చైనా కొనుగోళ్లతో ఖనిజం ధర ఆకాశానికెక్కింది. 2008లో కర్ణాటకలో మంత్రి అయ్యాడు. గని యజమానే మంత్రి అయ్యాక గనిని అడిగేదెవరు?

కడప జిల్లా జమ్మలమడుగు దగ్గర బ్రహ్మణి స్టీల్స్‌కు 2007లో శంకుస్థాపన జరిగింది. పదివేల ఎకరాలకు పైగా భూమి ఇచ్చారు. ఫ్యాక్టరీ మాత్రం రాలేదు. ఉక్కు పేరుతో భూమి పోయింది, ఖనిజం ఓడలెక్కి పోయింది.

సీబీఐ కేసు 2009లో పెట్టింది. 2011 సెప్టెంబర్ 5న అరెస్టు చేసింది. మూడేళ్లకు పైగా జైల్లో ఉండి 2015లో బెయిల్ మీద వచ్చాడు. 2025 మే 6న హైదరాబాద్ సీబీఐ కోర్టు ఏడేళ్ల శిక్ష వేసింది. మరుసటి నెలే తెలంగాణ హైకోర్టు ఆ శిక్ష అమలును ఆపింది. కేసు మొదలై తీర్పు వచ్చేసరికి మనం పదహారు మిర్చి పంటలు కోసుకున్నాం.

ఈ మధ్యలో, 2023లో, ఆయన గంగావతి ఎమ్మెల్యేగా గెలిచాడు. అది తుంగభద్ర ఆయకట్టు. మన కోస్తా నుంచి వెళ్లిన రైతుల క్యాంపులున్న ప్రాంతం. ఓటర్లను తప్పుపట్టడానికి చెప్పడం లేదు. కేసు ఏళ్ల తరబడి సాగితే జనం మరిచిపోతారు. ఆ మరుపే ఇలాంటివాళ్లకు పెట్టుబడి.

మన ప్రకాశం జిల్లా చీమకుర్తిలో గ్రానైట్ క్వారీలున్నాయి. నేను ఫలానా నాయకుణ్ణి అనడం లేదు. ఏ పార్టీవాడైనా సరే, మన ఊరి పక్కన లీజు తీసుకుంటే మూడు సంగతులు అడుగుదాం. లీజు ఏ సర్వే నంబర్లలో, ఎన్ని ఎకరాలకు? హద్దురాళ్లు నిలిచి ఉన్నాయా? 2015 చట్ట సవరణతో వచ్చిన జిల్లా ఖనిజ ఫౌండేషన్ డబ్బు, గనుల వల్ల దెబ్బతిన్న ఊళ్లకే ఖర్చు కావాలి. ఆ లెక్క ఏది?

నోటిమాటగా కాదు, అర్జీ రాసి రసీదు తీసుకుందాం. జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. మన గట్టును ఎంత జాగ్రత్తగా కాచుకుంటామో, ఊరి కొండనూ అంతే జాగ్రత్తగా కాచుకోవాలి. కొండ తవ్వి లారీకెక్కించాక తీర్పు వచ్చినా, కొండ తిరిగి రాదు.