టెంకలో దాగిన నూనె



పుష్యమాసం చలిలో మదనపల్లెలో తెల్లారి లేచి కొబ్బరినూనె సీసా చూడండి. నూనె తెల్లగా గడ్డ కట్టి ఉంటుంది. పుంగనూరు ఆవు నెయ్యి కూడా పేరుకొని ఉంటుంది. పక్కనే చెనిక్కాయల నూనె మాత్రం పారుతూనే ఉంటుంది. చలి అన్నిటికీ ఒక్కటే. మరి ఈ తేడా ఎందుకు?

నూనెలో కంటికి కనపడని సన్నని పోగులు ఉంటాయి. కొన్ని తిన్ననివి, కొన్ని వంకరవి. కట్టెలమోపు తలచుకోండి. తిన్నని కట్టెలు దగ్గరగా ఒదుగుతాయి. వంకర కట్టెలు ఒదగవు. నూనె కూడా అంతే. తిన్నని పోగులు ఎక్కువుంటే తొందరగా గడ్డ కడుతుంది. వంకర పోగులు ఎక్కువుంటే పారుతుంది.

మామిడి టెంక పగలగొడితే లోపల జీడి ఉంటుంది. ఆ జీడిలోనూ నూనె ఉంది. 100 కిలోల ఎండు జీడిలో సుమారు 7 నుంచి 12 కిలోల దాకా ఉంటుంది. ఇందులో స్టియరిక్ ఆమ్లం అనే తిన్నని పోగు, ఓలియిక్ ఆమ్లం అనే వంకర పోగు ముఖ్యమైనవి. రెండూ కలిపితే నూటికి సుమారు 80 పాళ్ళు. అందుకే ఈ నూనె నీడలో వెన్నలాగా గట్టిగా ఉంటుంది. ఒంటివేడి తగిలితే మెత్తబడి కరుగుతుంది.

చాక్లెట్టులో ఉండే కోకో వెన్న గుణమూ ఇదే. నీడలో గట్టిగా ఉంటుంది, నోట్లో కరుగుతుంది. అందుకే 2000లో యూరప్ దేశాలు చాక్లెట్టులో నూటికి 5 పాళ్ళ వరకు వేరే కొవ్వులు కలపడానికి ఒప్పుకున్నాయి. అలా ఒప్పుకున్న 6 కొవ్వుల్లో మామిడి జీడి కొవ్వు ఒకటి. సబ్బులకు, ఒంటికి పూసే క్రీములకు కూడా దీన్ని వాడతారు.

కుప్పం, పుంగనూరు, మదనపల్లె వైపు మామిడితోటలు ఉన్నాయి. చిత్తూరు చుట్టుపక్కల గుజ్జు ఫ్యాక్టరీలు ఉన్నాయి. తోతాపురి కాయల గుజ్జు తీశాక టెంకలు కుప్పలుగా మిగులుతాయి. తడి టెంకలు అట్లే కుప్పపడితే బూజు పడుతుంది. లోపలి నూనె చెడి ముక్కిన వాసన వస్తుంది. అప్పుడు దానికి విలువ పోతుంది.

కాబట్టి టెంకలు కడగాలి. ఎండబెట్టి పగలగొట్టాలి. జీడిని మళ్ళీ ఎండలో పరచాలి. విరిస్తే టక్కున విరగాలి. తర్వాతే మూటకట్టాలి.

ఒక్క హెచ్చరిక. ఈ నూనెను ఫ్యాక్టరీలో తీసి, శుద్ధి చేశాకే తిండిలో వాడతారు. శుద్ధి చేయనిది వంటకు వద్దు. బూజు పట్టిన జీడి అసలే తినరాదు. 2024లో ఒడిశాలోని కంధమాల్ జిల్లాలో నిలవ ఉన్న మామిడి జీడితో కాచిన గంజి తాగాక కొందరు ఆడవాళ్ళు చనిపోయారు. పేదరాలి ఆకలి తీర్చే జీడే ఆమె ప్రాణం తీసింది.

జీడి అమ్మేటప్పుడు తూకం దగ్గరే నిలబడండి. తేదీ, కిలోలు, ధర మీ పుస్తకంలో మీ చేత్తోనే రాసుకోండి. నేర్చుకున్న అక్షరం అక్కడ అక్కరకొస్తుంది.