మనము పీల్చు గాలికి హద్దు ఏది?

(పుదుచ్చేరిలోని ఉప్పళములో జరిగిన రైల్వే, తపాలా ఉద్యోగుల సమావేశమునందు చేసిన ప్రసంగపాఠము)



ఉప్పళమునకు చేరువనున్న రైల్వే స్టేషను ముందటి వీధి వి. సుబ్బయ్యగారి పేరు ధరించియున్నది. 1936 జూలై 30న ఈ పట్టణపు మిల్లు కార్మికులపై ఫ్రెంచి పాలకుల పోలీసులు కాల్పులు జరుపగా 12 మంది అసువులు బాసిరి. ఆ పోరాటమునకు నాయకత్వము వహించినవారు సుబ్బయ్యగారు. మరుసటి సంవత్సరమే ఇచ్చట ఎనిమిది గంటల పనిదినము చట్టమైనది. నేను నేడు మాట్లాడబోవు విషయమునకు ఆ ఎనిమిది గంటలే మూలము.

పనిచేయు చోట గాలిలో విషపదార్థము ఎంతవరకు ఉండవచ్చునో నిర్ణయించు అంకెను అనుమతించదగిన పరిమితి అందురు. భోపాల్ దుర్ఘటన తరువాత, 1987లో ఫ్యాక్టరీల చట్టమును సవరించి ఈ పరిమితుల పట్టికను అందులో చేర్చిరి. పట్టికలో రెండు కొలతలున్నవి. మొదటిది ఎనిమిది గంటల సగటు. రెండవది పదునైదు నిమిషముల స్వల్పకాలిక పరిమితి. ఆ రెండవ స్థాయికి కార్మికుడు దినమునకు నాలుగుసార్లకు మించి గురికారాదు. ఒకసారికి మరొకసారికి నడుమ గంట వ్యవధి ఉండవలెను. ఉదాహరణకు అమ్మోనియా పదిలక్షల పాళ్ల గాలిలో సగటున 25 పాళ్లు, పదునైదు నిమిషములకు 35 పాళ్లు మించరాదు.

ఈ అంకెలు దేవుడు వ్రాసినవి కావు. విజ్ఞానముతో పాటు బేరసారములు కూడ వీనిలో ఉన్నవి. సీసమునే చూడుడు. బ్యాటరీల మరమ్మతు చేయు సోదరులకు దాని సంగతి తెలియును. 1978లో అమెరికా ప్రభుత్వము ఘనపు మీటరు గాలికి 0.05 మిల్లీగ్రాముల సీసము మించరాదని శాసించినది. తొమ్మిదేండ్ల తరువాత మన పట్టిక 0.15 మిల్లీగ్రాములను అనుమతించినది. అమెరికా కార్మికుని రక్తమునకును మన కార్మికుని రక్తమునకును మూడింతల భేదమున్నదా?

ఇక పనిగంటల మాట. పరిమితి ఎనిమిది గంటలకు లెక్కకట్టినది. అదే గాలిలో పది గంటలు నిలిచినవాడు నాల్గవ వంతు అధికముగా విషము పీల్చును. శరీరము దానిని విసర్జించుకొను విరామము పదునారు గంటలనుండి పదునాలుగుకు తగ్గును. 2025లో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గము దినపు పనిగంటల గరిష్ఠ పరిమితిని 9 నుండి 10కి పెంచుటకు ఆమోదించినది. గంట పెంచినవారు గాలిలోని విషపు పరిమితిని తగ్గించవలెనని తలచిరా? పనిగంటల పోరాటము ఊపిరితిత్తుల పోరాటము కూడనని ఇందువలననే చెప్పుచున్నాను.

మనకు మరింత సన్నిహితమైన ప్రశ్న వేరొకటి యున్నది. ఈ పరిమితులు ఎవరికి వర్తించును? ఫ్యాక్టరీకి. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము రైల్వే రన్నింగ్ షెడ్డును ఫ్యాక్టరీ నిర్వచనమునుండి తొలగించినది. దాని స్థానమున 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చిన వృత్తిభద్రత, ఆరోగ్యము, పని పరిస్థితుల స్మృతి కూడ ఆ మినహాయింపును అట్లే నిలిపినది. పైగా, పూర్వము చట్టములోనే ఉన్న పరిమితులను నిర్ణయించు అధికారము ఇప్పుడు రాష్ట్ర ప్రభుత్వముల చేతిలో పెట్టబడినది. తపాలా సోదరుల స్థితి ఇంకను విచిత్రము. కేంద్ర ప్రభుత్వ కార్యాలయములకు ఈ స్మృతి వర్తించదని మొదటి సెక్షనే చెప్పుచున్నది. కార్యాలయములోని కాంట్రాక్టు కార్మికునికి వర్తించు స్మృతి, ప్రక్కనే నిలిచి మూటలు మోయు శాశ్వత ఉద్యోగికి వర్తించదు!

డీజిలు ఇంజను పొగ మానవులకు క్యాన్సరు కలిగించునని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ 2012లో ప్రకటించినది. ఆ పొగ షెడ్డులోనున్న ఫిట్టరును, ప్లాట్‌ఫారముపై సంచులు దించు ఆర్.ఎం.ఎస్. ఉద్యోగిని ఒకే తీరున చేరును. అది నిర్వచనములు చదివి లోపలికి రాదు.

1984 డిసెంబరు 2వ తేదీ రాత్రి భోపాల్‌లో ఏమి జరిగినది? మిథైల్ ఐసోసయనేటుకు ఫ్యాక్టరీలో పరిమితి పదిలక్షల పాళ్లలో 0.02 పాళ్లు. ఆ వాయువు గోడ దాటి రైల్వే స్టేషనును కమ్ముకొన్నది. డిప్యూటీ స్టేషన్ సూపరింటెండెంటు గులాం దస్తగీరుగారు తమ స్థానము విడువక, నిలిచియున్న రైలును వేళకు ముందే పంపివేసి ఎందరినో కాపాడిరి. ఆయన సహోద్యోగులు పలువురు విధి నిర్వహణలోనే మరణించిరి. ఆ స్టేషను ఫ్యాక్టరీ కాదు. 2020 మే 7న విశాఖపట్నము వద్ద స్టైరీన్ ఆవిరి వెలువడి 12 మంది చనిపోయిన వెంకటాపురము కూడ ఫ్యాక్టరీ కాదు.

కనుక మన కోరికలు స్పష్టముగా ఉండవలెను. చట్టము చేరని చోట శాఖాపరమైన ఉత్తర్వు చేరగలదు. రన్నింగ్ షెడ్డులకు, పార్సిలు గదులకు, ఆర్.ఎం.ఎస్. కార్యాలయములకు ఈ పరిమితులను వర్తింపజేయుచు రైల్వే, తపాలా శాఖలు ఉత్తర్వులీయవలెను. ఆఫీసరు గదిలోని గాలిని కొలిచిన చాలదు. కార్మికుని మెడపట్టీకి తగిలించు చిన్న పంపుతో, అతడు పీల్చు గాలినే, పూర్తి డ్యూటీకాలము కొలువవలెను. ఫలితములు తెలుగులోను, తమిళములోను నోటీసు బోర్డుపై అంటింపవలెను. డ్యూటీ ఎనిమిది గంటలు దాటినచోట పరిమితిని ఆ మేరకు తగ్గింపవలెను. ఈ కోరికలను ప్రతి శాఖయు తన తరువాతి సమావేశములో తీర్మానముగా ఆమోదించి ఫెడరేషనుకు పంపవలెనని ప్రార్థించుచున్నాను.

1936లో ఈ పట్టణపు కార్మికులు దినమునకు హద్దు గీయించిరి. ఆ దినములో మనము పీల్చు గాలికి హద్దు గీయించు పని మనకు మిగిలినది.