గంజాం నుంచి లండన్‌కు రెండు రాయబారాలు

ఒక రాజ్యం గాని, ఒక జనసమూహం గాని తన మాటను దూరదేశపు ప్రభుత్వానికి వినిపించడానికి పంపే మనుషుల బృందాన్ని రాయబార బృందం అంటారు. 1882లో అమెరికాతో ఒడంబడిక కుదుర్చుకున్న కొరియా రాజ్యం, మరుసటి ఏడాది మిన్ యోంగ్ ఇక్ నాయకత్వంలో అటువంటి బృందాన్ని ఆ దేశానికి పంపింది. 1883 సెప్టెంబరు 18న న్యూయార్కులోని ఒక హోటల్లో ఆ రాయబారులు అధ్యక్షుడు ఆర్థర్ ఎదుట మోకరిల్లి, నుదురు నేలకు ఆనించి, తమ రాజసభలో చేసినట్లే నమస్కరించారు. వారి వెనుక ఒక రాజు, ఒక రాజముద్ర ఉన్నాయి. రాజ్యమే చేతిలో లేని ప్రజలు రాయబారం ఎలా నడుపుతారన్న ప్రశ్నకు, మద్రాసు రాష్ట్రపు ఉత్తరపు కొసన ఉండిన నాటి గంజాం జిల్లా చరిత్రలో జవాబు దొరుకుతుంది.

భారతదేశానికి కొత్త రాజ్యాంగం ఎలా ఉండాలో చర్చించడానికి బ్రిటిష్ ప్రభుత్వం 1930 నుంచి 1932 వరకు లండన్‌లో మూడు విడతలుగా జరిపిన సభలే రౌండు టేబుల్ సమావేశాలు. వాటిలో పాల్గొన్నవారిని ప్రజలు ఎన్నుకోలేదు, ప్రభుత్వమే ఆహ్వానించింది. అందువల్ల వెళ్ళిన ప్రతివారూ తాము ఎవరి తరఫున మాట్లాడుతున్నదీ తమ మాటలతోనే రుజువు చేసుకోవలసి వచ్చింది.

1930 నవంబరులో మొదలైన తొలి సమావేశానికి పర్లాకిమిడి రాజా కృష్ణచంద్ర గజపతి నారాయణదేవ్ వెళ్ళి, వేర్వేరు రాష్ట్రాలలో చెదిరి ఉన్న ఒడియా ప్రజలకు ప్రత్యేక రాష్ట్రం కావాలని వాదించారు. ఒడియా వారి ఐక్యత కోసం 1903లో ఏర్పడిన ఉత్కళ సమ్మేళనం కోరిక అది. 1913లో బాపట్లలో మొదలైన ఆంధ్ర మహాసభ తెలుగువారి కోసం అడిగినదీ ఆ న్యాయాన్నే. అయితే గంజాంలో ఒకే వీధిలో, కొన్నిచోట్ల ఒకే ఇంట్లో రెండు భాషలూ పలుకుతుండడం వల్ల, గీత ఎక్కడ గీసినా ఎవరో ఒకరు అవతల మిగలక తప్పలేదు. 1931లో నియమితమైన ఓడొనెల్ సరిహద్దు సంఘంలో సహసభ్యులుగా ఒడియా పక్షాన పర్లాకిమిడి రాజా, తెలుగు పక్షాన సి.వి.ఎస్. నరసింహరాజు కూర్చున్నారు. 1933 నాటి శ్వేతపత్రం, అంటే ప్రభుత్వం తన ప్రతిపాదనలను ప్రకటించే పత్రం, పర్లాకిమిడిని ఒరిస్సాకు వెలుపల ఉంచినా, 1936 ఏప్రిల్ 1న కొత్త రాష్ట్రం ఏర్పడేనాటికి ఆ పట్టణం, బరంపురం అందులో చేరాయి; టెక్కలి, ఇచ్ఛాపురం మద్రాసు వైపు నిలిచాయి. పర్లాకిమిడిలో పాఠాలు చెప్పి, సవర భాషకు వ్యాకరణం కూర్చి, వాడుక తెలుగు కోసం పోరాడిన గిడుగు రామమూర్తి ఆ ఏడు ఊరు విడిచి రాజమహేంద్రవరం చేరుకున్నారు. ఒక రాయబారం ఫలించడం వల్ల ఒక జాతికి ఇల్లు దొరికింది, ఒక పండితుడికి ఇల్లు దూరమైంది. ఈ రెండింటినీ కలిపి తలచుకుంటే తప్ప గంజాం చరిత్ర పూర్తి కాదు.

రెండవ రాయబారి బరంపురంలో 1894లో తెలుగు కుటుంబంలో పుట్టిన వరాహగిరి వెంకటగిరి. ఖల్లికోట కళాశాలలో చదివి, 1913లో న్యాయశాస్త్రం కోసం డబ్లిన్ వెళ్ళి, ఐర్లండు స్వాతంత్ర్య పోరాటాన్ని దగ్గరగా చూసి తిరిగివచ్చిన ఆయన, బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికులను సంఘటితం చేశారు. తెలుగు, ఒడియా, బెంగాలీ, హిందీ మాట్లాడే ఆ కార్మికులకు జీతమూ పనిగంటలూ ఒక్కటే కాబట్టి వారి కోరికకు భాషా సరిహద్దు లేదు. 1927లో జెనీవా అంతర్జాతీయ కార్మిక సభలోను, 1931లో రెండవ రౌండు టేబుల్ సమావేశంలోను గిరి వారి పక్షాన నిలిచారు. కార్మిక చట్టాలు చేసే అధికారం కేంద్రానికి కూడా ఉండాలని ఎన్.ఎం. జోషి, బి. శివరావులతో కలిసి కోరారు. 1935 చట్టంలోని ఉమ్మడి జాబితాలో, అంటే కేంద్రమూ రాష్ట్రాలూ రెండూ చట్టం చేయగల విషయాల పట్టికలో, కార్మిక సంక్షేమం, పారిశ్రామిక వివాదాలు చోటు చేసుకున్నాయి.

రాజావారి రాయబారం గీత గీయించింది, గిరి రాయబారం గీత దాటింది. భాషకు నేల కావాలి, శ్రమకు నేలతో పని లేని న్యాయం కావాలి. గంజాం నుంచి ఈ రెండు మాటలూ ఒక ఏడాది తేడాతో లండన్ చేరడం ఆ జిల్లా గర్వించదగిన విషయం.

కొరియా రాయబారులకు ఉన్నటువంటి రాజముద్ర గిరికి 1947లో లభించింది. కామన్వెల్తు దేశాల మధ్య రాయబారిని హైకమిషనర్ అంటారు. ఆ హోదాలో ఆయన స్వతంత్ర భారత్ తరఫున సిలోన్ వెళ్ళి 1951 వరకు పనిచేశారు. 1948 పౌరసత్వ చట్టంతో అక్కడి తోటలలో పనిచేసే భారత సంతతి కార్మికులలో అత్యధికులు ఏ దేశానికీ చెందనివారయ్యారు. గీతకు అవతల మిగిలిన మనుషుల సంగతి బరంపురంలో పుట్టిన ఆ రాయబారికి ఒకరు చెప్పవలసినది కాదు.